ఇంప్లాంట్ పన్ను పెట్టించుకున్నారా..? నొప్పి లేదని చెకప్ మానేస్తే ముప్పే!

ఇంప్లాంట్ పన్ను పుచ్చిపోదు. కానీ దాని చుట్టూ చిగుళ్లు వాచి, లోపలి ఎముక కరిగిపోవచ్చు. దీన్నే పెరి ఇంప్లాంటైటిస్ అంటారు.

ఎవరికి రిస్క్ ఎక్కువ?

గతంలో చిగుళ్ల జబ్బు ఉన్నవారికి, సరిగా బ్రష్ చేయనివారికి, చెకప్‌కు వెళ్లనివారికి ముప్పు ఎక్కువ. చుట్ట, బీడీ అలవాటున్నా, షుగర్ అదుపులో లేకున్నా జాగ్రత్త పడాల్సిందే. క్యాప్ అంటించిన సిమెంట్ చిగుళ్ల కింద మిగిలిపోయినా వాపు రావచ్చు.

ఖమ్మంలో ఇంప్లాంట్ వేయించుకున్న భద్రాచలం ఏజెన్సీ వాసులకు చెకప్ అంటే వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. నొప్పి లేదు కదా అని వాయిదా వేస్తే అక్కడే చిక్కు. ఈ జబ్బులో మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు.

బ్రష్ చేస్తుంటే రక్తం, చీము కనిపిస్తే ఆగొద్దు. చిగుళ్ల వాపు వరకే అయితే తగ్గుతుంది. కరిగిన ఎముక మాత్రం దానంతటది తిరిగి రాదు.