పన్ను లెక్కలు చెప్పువారి వృత్తి

రాజ్యము ప్రజలయొద్ద పన్ను గైకొనుట అతిప్రాచీనమైన ఆచారము. పన్ను కాగితముల మార్గముననే పేదకుటుంబమునకు ధనము ముట్టజెప్పుట మాత్రము మిక్కిలి అర్వాచీనమైన కల్పన. అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఈ కల్పన రూపుదాల్చిన విధమును పరిశీలించినచో, శాసనకర్తల నామములతో పాటు, ఆ శాసనమును సామాన్యునకు విడమరచి చెప్పిన వృత్తివారి కృషియు గోచరించును. వారు లేనిచో ఆ ధర్మము చాలవరకు పుస్తకములలోనే నిలిచిపోయి యుండెడిదని నా దృఢవిశ్వాసము.

1913లో రాజ్యాంగమునకు 16వ సవరణము చేకూరి ఆదాయపుపన్ను నెలకొన్నపుడు, ఒంటివానికి 3,000 డాలర్లు, దంపతులకు 4,000 డాలర్లు మినహాయింపు కలదు గనుక, కూలి చేసి బ్రతుకువారికి దానితో నిమిత్తమే లేకుండెను. 1917లో ఇంటియజమానికి బిడ్డ యొక్కంటికి 200 డాలర్ల మినహాయింపు ఏర్పడి, కుటుంబభారము లెక్కలోనికి వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పన్ను సామాన్యులకు సైతము వ్యాపించి, 1939లో సుమారు 40 లక్షలుగా నున్న పన్నుదారులు 1945 నాటికి 4 కోట్లకు మించిరి. రిటర్ను నింపుట యెరుగని కోట్లాది గృహస్థులకు అప్పటినుండి చేయూత అవసరమయ్యెను.

కొన్నియేండ్లు పన్ను కార్యాలయమే అడిగినవారికి ఉచితముగా రిటర్ను వ్రాసి యిచ్చుచుండెను. 1955లో కాన్సాస్ సిటీ నగరమున ఆ సదుపాయము నిలిచిపోగా, అక్కడ చిన్న వర్తకులకు ఖాతాలు వ్రాయుచుండిన హెన్రీ బ్లాక్, రిచర్డ్ బ్లాక్ అను సోదరులు రిటర్నుకు 5 డాలర్ల చొప్పున వ్రాసి యిత్తుమని స్థానిక పత్రికలో ప్రకటింపగా, జనము వారి కార్యాలయమునకు విరివిగా వచ్చిరి. హెచ్ అండ్ ఆర్ బ్లాక్ సంస్థ పుట్టుక యిదియే. ఈ వృత్తి వీధివీధికి వ్యాపించుటకు నాందియు నిదియే.

అటుపిమ్మట 1969లో అధ్యక్షుడు నిక్సన్ ప్రతిపాదించిన కుటుంబసహాయ పథకము సెనేటులో కడతేరకపోగా, దానిని ప్రతిఘటించిన లూసియానా సెనేటరు రస్సెల్ లాంగ్, పనిచేయు పేదలకే చెందునట్లు వేరొక మార్గము సూచించెను. 1975లో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకముతో శాసనమైన ఎర్న్‌డ్ ఇన్‌కమ్ టాక్స్ క్రెడిట్ అదియే. బిడ్డలుగల శ్రామికునకు మొదటి 4,000 డాలర్ల సంపాదనపై నూటికి పది వంతున, గరిష్ఠముగా 400 డాలర్లు లభించి, ఆదాయము 8,000 చేరునప్పటికి ఆ మొత్తము క్రమముగా తరిగి శూన్యమగుచుండెను. మినహాయింపు పన్నుకు గురియగు ఆదాయమును తగ్గించును. క్రెడిటు పన్నునే తగ్గించును. ఈ క్రెడిటు అంతటితో నాగక, 100 డాలర్ల పన్ను బాకీయున్నవానికి 400 లభించినచో, మిగిలిన 300 చేతికి చేర్చును. అసలు పన్నే లేనివాడు రిటర్ను దాఖలు చేయనక్కరలేదని తలచి ఊరకుండుట సహజము. అట్లు ఊరకున్నచో అతనికి దక్కవలసినది దక్కదు.

కాలువలో నీరు పుష్కలముగా నున్నను, గట్టు తెగద్రోసి మళ్లించువాడు లేనిచో చివరిమడి యెండియే యుండును. అర్హులలో సుమారు అయిదింట ఒక వంతు ఈ క్రెడిటు కోరుటయే లేదని ప్రభుత్వపు అంచనా. ఈ కొరత దీర్చుటకు 1969లోనే ఆరంభమైన వీటా అను స్వచ్ఛందసేవ గ్రంథాలయములలోను సామాజిక కేంద్రములలోను పేదలకు ఉచితముగా రిటర్నులు వ్రాయించుచున్నది. బిడ్డ సంవత్సరములో సగమునకు మించి ఎవరి యింట నివసించెను, విడిపోయిన తలిదండ్రులలో ఎవరికి హక్కు కలదు, మనుమని పెంచుచున్న అవ్వకు సైతము ఈ క్రెడిటు చెందునా అని ఓపికతో నడిగి నిర్ణయించుట యీ పనికి ప్రాణము. రిఫండు రాకమున్నే అధికవడ్డీకి అప్పిచ్చి, ఆ ధనములోనే భాగము హరించిన వ్యాపారులును ఈ వృత్తిలో లేకపోలేదు. 1997 నాటి శాసనము, తగిన విచారణ చేయకయే ఈ క్రెడిటు కోరు రిటర్నును వ్రాసినవారికి జరిమానా విధించి, సత్యసంధతను చట్టబద్ధమైన కర్తవ్యముగా నొనర్చెను.

ఆ వత్సరమే నెలకొన్న సంతానపు క్రెడిటు 2021లో ఆరేండ్లలోపు బిడ్డకు 3,600, పెద్దబిడ్డకు 3,000 డాలర్లకు పెరిగి, కొంత భాగము జూలై మొదలు డిసెంబరు వరకు నెలనెలా చేతికందెను. ప్రభుత్వసహాయములను గూడ గణించు కొలమానము ప్రకారము ఆ యేట బాలల పేదరికము నూటికి 5.2కు దిగి, ఆ యేర్పాటు ముగిసిన మరుసటి యేట 12.4కు పెరిగెను. ఈ క్రెడిటు పేదయింటి కెంతటి ఆధారమో యీ అంకెలే నిరూపించుచున్నవి.

మన తెలుగువారికిని దీనితో సంబంధము కలదు. 2018 మొదలు బిడ్డకు సోషల్ సెక్యూరిటీ నంబరున్ననే పూర్తి క్రెడిటు లభించును గనుక, హైదరాబాదులో పుట్టి ఆ నంబరు లేని అన్నకు 2018లో 500 డాలర్లును, డాలస్‌లో పుట్టిన చెల్లెలికి 2,000 డాలర్లును ఒకే యింటి రిటర్నులో లెక్కకు వచ్చెను. ఇట్టి భేదమును ఆ తల్లిదండ్రులకు ముందుగనే తెలియజెప్పి, రానిదానిని ఆశింపనీయక, రావలసినదానిని విడువనీయక కాపాడువాడే నిజమైన పన్ను సలహాదారుడు. శాసనము హక్కును సృజించును; ఆ హక్కు తనదేయని గృహస్థునకు తెలియజెప్పు విద్యకు సైతము శాసనముతో సమానమైన గౌరవము చెల్లవలెను.