ఉలికి గీత దిద్దినవాళ్ళు

బందరు కలంకారీ అనగానే ఎవరైనా రంగుల సంగతే ఎత్తుకుంటారు. కరక్కాయ, పటిక, చిరివేరు, తుప్పు ఇనుముని బెల్లం నీళ్ళలో ఊరబెట్టి తీసే నలుపు, వీటి గురించి చాలా రాశారు. బందరు దగ్గరి పెడనలో టేకు దిమ్మ మీద అచ్చు చెక్కేవాళ్ళ గురించి రాసింది తక్కువ. ఈ తీరంలో అద్దకం పెద్ద వ్యాపారంగా నిలబడటానికి రంగు ఎంత కారణమో, బొమ్మని కోతకు పనికొచ్చే గీతగా మార్చే నేర్పూ అంతే కారణమని నేను నమ్ముతున్నాను. ఈనాడు లేజర్ మిషనులో కోతకి కోరల్‌డ్రాలో ఫైలు సిద్ధం చేసేవాళ్ళ పని ఆ నేర్పుకి కొనసాగింపే.

డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో బందరులో వర్తక స్థావరాలు పెట్టుకునేసరికే అది గోల్కొండ రాజ్యానికి ముఖ్యమైన రేవు. ఇక్కడి బట్ట పర్షియాకి ఓడల్లో వెళ్ళేది. యూరప్‌లో దీని గిరాకీ ఎంత పెరిగిందంటే, అక్కడి నేతగాళ్ళని కాపాడటానికి ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో, మళ్ళీ 1721లో నిషేధ చట్టాలు తెచ్చాయి. అంత గిరాకీకి ఒకే నమూనా వందల బట్టల మీద తేడా లేకుండా పడాలి. కలంకారీకి ప్రాణం కలమేననీ, అచ్చు దాని తర్వాతి మెట్టేననీ కొందరంటారు. కలంతో చేత్తో గీసే శ్రీకాళహస్తి పని చూస్తే ఆ మాటలో నిజముంది. కానీ చేత్తో వేసిన బట్టకి కూడా ముందే సిద్ధం చేసిన గీత ఉండేది. తెలుగు బాగా వచ్చిన ఫ్రెంచి పాదిరీ కేర్దూ 1742లో కోరమాండల్ అద్దకం గురించి రాసిన లేఖలో ఆ పద్ధతి ఉంది: కాగితం మీద బొమ్మ గీసి, గీత వెంట సూదితో బెజ్జాలు పొడిచి, దాన్ని బట్ట మీద పరిచి బొగ్గుపొడి అద్దేవాళ్ళు. ఆ చుక్కల వెంటే కలం నడిచేది.

అచ్చు దగ్గరికి వస్తే ఈ ఆలోచన ఇంకా లోతుకి వెళ్తుంది. చెక్కేవాడు బొమ్మని తిరగేసి వేసుకోవాలి, లేకపోతే బట్ట మీద ఎడమ కుడవుతుంది. అంచు అచ్చు ఒక కొసన ఆగిన తీగ రెండో కొసన మళ్ళీ అందుకోవాలి. రంగు బట్టలోకి కాస్త ఒత్తుకుపోతుంది గనక గీతని కావలసినదానికన్నా సన్నంగా ఉంచాలి. అచ్చు వేయడానికి ముందు బట్టని పాలు కలిపిన కరక్కాయ నీళ్ళలో ముంచేదీ రంగు పాకకుండా ఉండటానికే. వీటన్నిటికన్నా ముఖ్యమైనది, ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు విడగొట్టడం. ఎరుపు అచ్చు బట్ట మీద ఎరుపు వెయ్యదు, పటిక వేస్తుంది. తర్వాత కాగులో చిరివేరుతో ఉడికించినప్పుడే పటిక పడినచోట ఎరుపు తేలుతుంది. అంటే ఆ అచ్చు చెప్పేది రంగుని కాదు, అక్కడ ఏ పని జరగాలో. లేజర్ ఫైల్లోనూ ఇదే పద్ధతి. ఎర్ర గీత అంటే ఎరుపు కాదు, ఇక్కడ కొయ్యి అని. నల్ల గీత అంటే పైపైన చెక్కు అని. రంగుకీ పనికీ జోడీ కుదుర్చుకోవడం మిషనుని బట్టి మారుతుంది, ఆలోచన మాత్రం మారదు. కిరణం తినేసే మందాన్ని లెక్కేసి గీతని పక్కకి జరపడం కూడా, రంగు ఒత్తుకుపోతుందని ముందే గీతని సన్నం చేసిన మెళకువకి తోబుట్టువే.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. బొమ్మని స్కాన్ చేసి, కంప్యూటర్ చేతే గీతలు తీయించుకుంటే సరిపోతుంది కదా, ఈ పాత నేర్పు దేనికి అని. అలా తీయించిన ఫైలుని ఒకసారి దగ్గరగా చూడాలి. ఒక తీగ గీతకి రెండు అంచులూ పట్టి, ఒక్క గీతని రెండు గీతలు చేస్తుంది. మిషను రెండుసార్లు కోస్తుంది. కాగితం మీది గరుకుని కూడా గీతనుకుని వేల చుక్కలు పోగేస్తుంది. మూసుకోవలసిన వంపు మూసుకోదు. పువ్వు మధ్యలో ఏ ముక్క ఊడి పడిపోతుందో దానికి తెలియదు. తోలుబొమ్మలకి బెజ్జాలు కొట్టే నిమ్మలకుంట వాళ్ళకి మాత్రం అది తెలుసు, బెజ్జానికీ బెజ్జానికీ మధ్య తోలుని అట్టేపెడతారు. ఏది గీత, ఏది మరక, ఏది ఆనుకుని నిలవాలి అని తేల్చాల్సింది మనిషే. అయితే, లేజర్ వచ్చింది గనక అచ్చు చెక్కడం అక్కర్లేదు అనడమూ తొందరపాటే. లేజర్ టేకుని లోతుగా చెక్కబోతే అంచులు మాడతాయి. ఉలి పట్టినవాడు సన్నని గీత విరగకుండా దాని మొదలు వెడల్పుగా ఉంచుతాడు.

బందరు అద్దకం పని చాలాసార్లు తెగిపోబోయింది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరులో సుమారు 30 వేలమందిని పొట్టనబెట్టుకుంది. ఆ తర్వాత మిల్లు బట్ట పోటీ, పర్షియా బేరం తగ్గిపోవడం ఈ పనిని ఇంకా కుంగదీశాయి. కమలాదేవి చటోపాధ్యాయ వంటివాళ్ళ చొరవతో 1950ల్లో మళ్ళీ ఊపిరి పోసుకుంది. ఇప్పుడు పాత అచ్చుల్ని ఫోటోలు తీసి దాచాలన్న మాట వినిపిస్తోంది. మంచిదే, కానీ ఫోటో చాలదు. ఒక నమూనాకి ఎన్ని అచ్చులో, ఏది ముందు పడుతుందో, ఏది పటికకో, ఏది ఇనుపనీళ్ళకో, అంచు తీగ ఎక్కడ కలుస్తుందో విడివిడి గీతలుగా, పెడన పనివాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని రాసిపెట్టాలి. ఆ ఫైలుని లేజర్ కోసినా, ఉలి కోసినా, బట్ట మీద పడేది బందరు నమూనాయే.