తాండూరు ప్రాంతంలో మద్యం: రకాలు, వాడుక మాటలు

వికారాబాద్ జిల్లాలో కర్ణాటక సరిహద్దున, కాగ్నా నది ఒడ్డున ఉన్న తాండూరులో తాగే ప్రతిదాన్నీ జనం మందు అనే అంటారు. తయారీని బట్టి చూస్తే మాత్రం అవి రెండు తెగలు. కల్లు, బీరు, వైన్ పులియబెట్టినవి. సారా, విస్కీ, బ్రాందీ, రమ్ము, జిన్, వోడ్కా బట్టీలో కాచినవి. పులియబెడితే వచ్చే ఆల్కహాల్ మామూలుగా 15 శాతం దాటదు, ఆ ఘాటుకు ఈస్ట్ బతకదు. అంతకు మించి కావాలంటే కాచాల్సిందే. ఆల్కహాల్ దాదాపు 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర, నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి కాబట్టి మొదట లేచే ఆవిరిలో ఆల్కహాల్ పాలు ఎక్కువ. దాన్ని చల్లార్చి పడితే అదే సారా.

తెలంగాణ పల్లెల్లో దొంగచాటుగా కాచే సారాను గుడుంబా అంటారు. డ్రమ్ముల్లో నల్లబెల్లం పానకం కలిపి, పటిక వేసి, నురగ తేలి పుల్లటి వాసన కొట్టేదాకా ఉంచుతారు. ఎక్సైజ్ దాడుల్లో పారబోసేది ఈ పానకాన్నే. ఆదిలాబాద్ అడవుల్లో బెల్లం బదులు ఇప్పపువ్వు వాడతారు. అది ఇప్పసారా. ఒకప్పుడు సర్కారీ సారా కూడా ఉండేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటంతో 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా అమ్మకం ఆగింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు గానీ సారా దుకాణాలు మళ్లీ తెరుచుకోలేదు. ఆ ఆడవాళ్ల గెలుపులో నిలిచిన భాగం ఇదే.

వైన్‌షాపుల్లో ఎక్కువగా అమ్మేది దేశంలో తయారైన విదేశీ మద్యం, అంటే ఐఎంఎఫ్ఎల్. స్కాచ్ విస్కీని ధాన్యంతో చేసి, స్కాట్లండ్‌లోనే ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్లు ఉంచాలి. బ్రాందీకి ద్రాక్ష, రమ్ముకు చెరకు, జిన్‌కు జూనిపర్ కాయల వాసన ఆధారం. మన చవకరకం విస్కీ, బ్రాందీల్లో చాలావాటికి మూలం మాత్రం చక్కెర మిల్లుల మొలాసిస్ నుంచి తీసిన స్పిరిటే, తేడా రంగులో, రుచిలో. అలాంటిదాన్ని ఐరోపాలో విస్కీ పేరుతో అమ్మనివ్వరు.

ఫుల్ అంటే 750, హాఫ్ 375, క్వార్టర్ 180 మిల్లీలీటర్లు. చిన్న పెగ్గు 30, పెద్ద పెగ్గు 60. సీసా మీద 42.8 శాతం అని ఉంటే ఒక్క క్వార్టర్‌లోనే 77 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాల్ ఉన్నట్టు. 5 శాతం ఉన్న 650 మిల్లీలీటర్ల బీరు సీసాలు రెండు తాగినా అంత రాదు. ‘క్వార్టరే కదా’ అనేవాళ్లకు ఈ లెక్క తెలియాలి. బెల్టుషాపు అంటే లైసెన్సు లేకుండా ఊళ్లో విడిగా అమ్మే చోటు. పొరుగు రాష్ట్రం నుంచి ఇక్కడి సుంకం కట్టకుండా తెచ్చిన సరుకును ఎక్సైజ్ వాళ్లు ఎన్‌డీపీఎల్ అంటారు.

కల్తీసారా చావుల్లో ఎక్కువగా దొరికే విషం మిథనాల్. ఫ్యాక్టరీల్లో వాడే ఈ స్పిరిట్ చూడ్డానికి, వాసనకు మామూలు ఆల్కహాల్‌లాగే ఉంటుంది. ఒంట్లో అది ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటినరాన్ని దెబ్బతీస్తుంది. లక్షణాలు బయటపడటానికి చాలా గంటలు పట్టవచ్చు. తాగిన మర్నాడు చూపు మసకబారినా, కడుపునొప్పి, ఆయాసం వచ్చినా నిషా దిగలేదనుకుని మజ్జిగ తాగించి పడుకోబెట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విరుగుడు మందు ఉంది, ఆలస్యమైతే చూపు తిరిగి రాకపోవచ్చు.