మెంఫిస్‌లో ఒక పాట పుట్టినరోజు



ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు ఛందస్సూ వ్యాకరణమూ చెప్పి విశ్రాంతి పొందిన తెలుగు పండితుడు రాక్ అండ్ రోల్ చరిత్ర వ్రాయబూనడం వింతగా తోచవచ్చు. ఆ వింతకు కారకుడు మా అబ్బాయి. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో వాడి ఇంట కొన్నాళ్ళు ఉండగా ఒకనాడు, "నాన్నగారూ, చరిత్ర ఎప్పుడూ చదవడమేనా? రేపు మెంఫిస్ వెళ్దాం రండి, చెవులతో వినే చరిత్ర చూపిస్తాను" అన్నాడు. వెళ్ళాను. తిరిగి వచ్చిన నాటినుండి ఒక సంగతి మనసును తొలుస్తున్నది. దానిని మీతో చెప్పుకొనడానికే ఈ టపా.

మెంఫిస్ నగరంలో యూనియన్ అవెన్యూ అనే వీధిలో 706వ నంబరు భవనం చాలా చిన్నది. అందులోని రికార్డింగు గది మా బడిలోని తరగతి గదికి మించదు. గోడలకూ కప్పుకూ శబ్దాన్ని పీల్చుకొనే పలకలు తాపడం చేసి ఉన్నాయి. నేలమీద ఒకచోట అడ్డగీతల గుర్తు ఉన్నది. 1954 జూలై 5వ తేదీ రాత్రి పందొమ్మిదేండ్ల ఎల్విస్ ప్రెస్లీ అక్కడ నిలబడి పాడాడని చెబుతారు. మేము వెళ్ళిన పూట ఇరవైమంది దాకా సందర్శకులున్నారు. డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు ఫొటో కోసం పాత మైకు పట్టుకొని ఆ గుర్తుమీద నిలబడి, ఉన్నట్టుండి కన్నీరు పెట్టుకొన్నారు. ప్రక్కనున్న భార్య మాట్లాడకుండా చేతిరుమాలు అందించింది. ఎవరూ నవ్వలేదు. గర్భగుడి ముందరికి రాగానే, అడగదలచిన కోరికలన్నీ మరచి నిలబడిపోయే భక్తులను మనం చూడలేదా? అదే చూపు ఆయన కన్నులలో చూశాను. అంతగా ఆ రాత్రి ఏమి జరిగింది?

శామ్ ఫిలిప్స్ అనే అలబామా రాష్ట్రంవాడు 1950 జనవరిలో ఈ భవనంలో రికార్డింగు కేంద్రం తెరిచాడు. పెండ్లిండ్లు, ఉపన్యాసాలు, ఎవరేది కోరినా రికార్డు చేసి పెట్టడం జీవనాధారం. అతని అసలు ఆశయం మాత్రం వేరు. ఆ ప్రాంతపు నల్లజాతి గాయకుల బ్లూస్ పాటలను లోకానికి వినిపించాలని అతని తపన. 1952లో సన్ రికార్డ్స్ అనే సంస్థను స్థాపించాడు. 1953 వేసవిలో అప్పుడే ఉన్నత పాఠశాల చదువు ముగించిన ఎల్విస్, నాలుగు డాలర్ల దాకా సొంత డబ్బు చెల్లించి ఇక్కడ రెండు పాటలు రికార్డు చేయించుకొన్నాడు. కార్యాలయం చూచుకొనే మారియన్ కీస్కర్ అనే ఆమె ఆ కుర్రవాణ్ణి గుర్తు పెట్టుకొన్నది. మరుసటి ఏడాది శామ్ అతనికి ఇద్దరు వాద్యకారులను జత చేశాడు. గిటారుకు స్కాటీ మూర్, బాస్ వాద్యానికి బిల్ బ్లాక్. ముగ్గురూ జూలై 4న, ఆదివారం నాడు, స్కాటీ ఇంట కలుసుకొని పాడి చూచుకొన్నారు. మరునాటి సాయంత్రం స్టూడియోకు వచ్చారు.

ఆ రాత్రి మొదట పాడినవి నెమ్మదైన ప్రేమగీతాలు. ఎంత పాడినా శామ్‌కు తృప్తి కలగలేదు. అలసి విరామం తీసుకొన్న వేళ ఎల్విస్ ఊరకే గిటారు మీటుతూ, చిలిపిగా గెంతుతూ, 'దట్స్ ఆల్ రైట్' అనే పాత బ్లూస్ పాటను హుషారుగా ఎత్తుకొన్నాడు. బిల్ బ్లాక్ బాస్‌తో అందుకొన్నాడు. స్కాటీ గిటారు కలిపాడు. యంత్రాల గదిలో ఉన్న శామ్ తల బయటికి పెట్టి, మీరు చేస్తున్నదేమిటని అడిగితే, మాకే తెలియదన్నారట. అయితే మళ్ళీ మొదటినుండి ఎత్తుకోండి అన్నాడు శామ్. అంతే. మద్దెల మోత లేదు, గాయక బృందం లేదు. ముగ్గురు మనుషులు, మూడు వాద్యాలు, రెండు నిమిషాలు కూడ నిండని పాట. సాధన చేసిన పాటలు నిలవలేదు. ఆటగా ఎత్తుకొన్న పాట నిలిచింది.

ఆ వారంలోనే డ్యూయీ ఫిలిప్స్ అనే రేడియో వ్యాఖ్యాత మెంఫిస్‌లో దానిని పదే పదే వినిపించాడు. శ్రోతల ఫోనులు ఆగలేదు. ఎల్విస్ సిగ్గుతో సినిమా హాలులో దాక్కొంటే తల్లిదండ్రులు వెదకి పట్టుకొని రేడియో కేంద్రానికి పంపారు. అక్కడ వ్యాఖ్యాత అడిగిన ప్రశ్నలలో ఒకటి, 'నీవు చదివిన బడి ఏది?' అని. హ్యూమ్స్ ఉన్నత పాఠశాల అని జవాబు. ఉపాధ్యాయుణ్ణి గనుక ఆ ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. ఆనాడు ఆ ఊళ్ళో తెల్లవారి బడులు వేరు, నల్లవారి బడులు వేరు. పాట విన్నవారు పాడినవాడు నల్లవాడనుకొంటున్నారు. నీ రంగేమిటని బాహాటంగా అడగకుండా, బడి పేరుతో సంగతి బయటపెట్టించాడన్న మాట. బడులలో ఆ వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పి అప్పటికి రెండు నెలలు కాలేదు. ఆ తీర్పు తేదీ 1954 మే 17.

జూలై 19న రికార్డు విడుదలైంది. ఒక వైపు నల్లవాని బ్లూస్ పాట. రెండవ వైపు 'బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ' అనే, బిల్ మన్రో అనే తెల్లవాని పల్లెబాణీ పాట. బడిలో కలవనివి ఒక నల్లని పళ్ళెం మీద వెన్నూ వెన్నూ ఆనించి కలిశాయి. నేను అర్థం చేసుకొన్నంతలో ఆ రాత్రి గొప్పతనం ఇది.

రాక్ అండ్ రోల్ ఆ రాత్రే పుట్టిందనే మాటను చరిత్రకారులందరూ ఒప్పుకొనరు. 1951 మార్చిలో, అదే గదిలో, అదే శామ్ ఫిలిప్స్ రికార్డు చేసిన 'రాకెట్ 88' మొదటిదని కొందరంటారు. అది జాకీ బ్రెన్‌స్టన్ పాడినది, వాయించినది ఐక్ టర్నర్ బృందం. బిల్ హేలీ తన 'రాక్ అరౌండ్ ది క్లాక్' పాటను న్యూయార్కులో 1954 ఏప్రిల్ 12న, అంటే దాదాపు మూడు నెలల ముందే, రికార్డు చేశాడు. నదికి పుట్టుక ఎక్కడో తేల్చబోతే కొండమీద నూరు ఊటలు కనబడతాయి. అయినా జనానికి మ్రొక్కుకొనడానికి ఒక రేవు కావాలి. ఆ గది అటువంటి రేవు.

2004 జూలైలో ఆ రాత్రికి ఏబది యేండ్లు నిండినప్పుడు మెంఫిస్‌లో పెద్ద ఉత్సవం జరిగింది. అభిమానులు ఆ చిన్న భవనం దగ్గర గుమికూడారు. బిల్ బ్లాక్ 1965లోనే పోయాడు. ఎల్విస్ 1977 ఆగస్టు 16న పోయాడు. శామ్ ఫిలిప్స్ 2003 జూలై 30న కన్నుమూశాడు. మరునాడే ఆ భవనాన్ని జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తించారు. ఒక్కరోజు తేడాలో ఆ కబురు ఆయన చెవిన పడలేదు. ఇక వాయించిన ముగ్గురిలో మిగిలినవాడు స్కాటీ మూర్ ఒక్కడే. ఆయన మీట నొక్కగా దేశదేశాల రేడియో కేంద్రాలు ఆ పాటను ఒకేసారి వినిపించాయి. ఆ నెలలోనే తిరిగి విడుదల చేస్తే బ్రిటనులో మూడవ స్థానానికి ఎక్కింది. స్కాటీ కూడ 2016లో వెళ్ళిపోయాడు.

ఇంతవరకు మా అబ్బాయి చెప్పగానూ, తరువాత నేను చదువగానూ తెలిసిన కథ. మనసును తొలిచే సంగతి ఇక్కడ మొదలవుతుంది. తెలుగు పండితునికి ఒక దురలవాటు ఉంటుంది. ఏ పద్యం వినబడినా ముందు కృతికర్త ఎవరని అడుగుతాడు. తిరుగు ప్రయాణంలో కారులో అడిగాను, "ఆ పాట వ్రాసినవాడెవరురా?" అని. వాడు వెదకి చెప్పాడు.

ఆర్థర్ క్రూడప్. 1905లో మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే ఊళ్ళో పుట్టిన నల్లజాతి మనిషి. కూలి పనులు చేసుకొంటూ బ్రతికాడు, పాటలు కట్టాడు. ఈ పాటను 1946లో చికాగోలో తానే పాడి రికార్డు చేశాడు. అందులోని కొన్ని మాటలు అంతకు ముందునుండి బ్లూస్ గాయకుల నోళ్ళలో నానుతున్నవే, 1926 నాటి బ్లైండ్ లెమన్ జెఫర్సన్ పాటలోనూ ఉన్నవే. పాటగా కూర్చినవాడు మాత్రం క్రూడప్. 1954 నాటి రికార్డు మీద అతని పేరు అచ్చయింది. పేరు చేరింది గాని ప్రతిఫలం చేరలేదు. హక్కులు చేతులు మారిన తీరు అటువంటిది. రావలసిన సొమ్ము రాక విసిగి 1950లలో రికార్డింగులు మానుకొన్నాడు. 1970ల తొలినాళ్ళలో అతని తరఫువారు పోరాడి అరవై వేల డాలర్లకు రాజీ కుదిర్చారు. క్రూడప్ సంతకం పెట్టాడు. తీరా చూస్తే ప్రచురణ సంస్థవారు తమ సంతకం పెట్టమన్నారు. 1974లో అతడు పేదగానే మరణించాడు. వారసులకు సొమ్ము అందడం ఆ తరువాతి మాట. 1955 నవంబరులో ఎల్విస్ ఒప్పందాన్ని ఆర్‌సీఏ సంస్థకు అమ్మినప్పుడు శామ్‌కు ముట్టినది ముప్పది అయిదు వేల డాలర్లని ప్రక్కన వ్రాసుకొంటే లెక్క తెలుస్తుంది.

ఎల్విస్‌ను దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. నల్లవారు ఈ తీరుగా ఎంతోకాలంగా పాడుతున్నారని, చిన్ననాట టుపెలోలో క్రూడప్ పాటలు తాను వినేవాడినని 1956లో పత్రికవారికి అతడే చెప్పాడు. అభిమానులనూ తప్పు పట్టను. ఆ పెద్దాయన కన్నీరు సత్యం. నా బాధ వేరు.

నా తొలి ఉద్యోగం కృష్ణా తీరపు పల్లెటూరిలో. ఒక ఏడు నాట్ల కాలంలో బడి వెనుక పొలంలో ఒక వృద్ధ కూలి స్త్రీ ఎత్తుకొన్న పాట విని, పేజీ నిండా వ్రాసుకొన్నాను. రెండు చరణాలు నా పాండిత్యం కొద్దీ 'దిద్దాను'. వార్షికోత్సవంలో పిల్లలచేత పాడిస్తే సభ మురిసింది. వచ్చిన అధికారి రచన ఎవరిదని అడిగితే ప్రధానోపాధ్యాయులు నావైపు చూపారు. నేను తల వంచుకొని నమస్కరించాను, కాదనలేదు. ప్రశంసాపత్రం నా పేరుమీద వచ్చింది. ఆ అవ్వ ఆ సాయంత్రం బడి గోడ అవతల నిలబడి విన్నది. మరునాడు ఎదురుపడి, "మా పాట పిల్లలు బాగా పాడారు పంతులుగారూ" అన్నది. నా పాట అనలేదు. మా పాట అన్నది. ఆ మాటలో నిష్ఠూరం ఉన్నదో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఆమె పేరు నేను అడగలేదు.

ఎవరో అజ్ఞాతులు చెప్పిన చాటువులు శ్రీనాథుని ఖాతాలో చేరిన వైనం తరగతిలో ఎన్నిమార్లు నవ్వుతూ చెప్పానో! నా ఖాతా మాత్రం తెరిచి చూచుకొనలేదు. క్రూడప్‌కు కనీసం రికార్డు మీద అచ్చయిన పేరున్నది, పుట్టిన ఊళ్ళో స్మారక ఫలకం ఉన్నది. నా అవ్వకు ఏమున్నది? ఇప్పుడు వెళ్ళి అడుగుదామన్నా చెప్పేవారు ఉండరు.

ఆ గదిలో నేలమీద గుర్తు ఒకటే ఉన్నది. ఎల్విస్ నిలబడిన చోటు అది. పండుగ చేసుకొనే అభిమానులకు నా మనవి ఒక్కటే. జూలై 5న దీపం వెలిగించేటప్పుడు, పాట మొదలుపెట్టే ముందు, ఆర్థర్ క్రూడప్ అని ఒకమారు బిగ్గరగా పలకండి. మనం మన పూజలలో గోత్రనామాలు చెప్పుకొని గాని ఆరంభించం గదా.

మిత్రులలో ఎవరైనా పల్లెపాటలు సేకరిస్తూ ఉంటే వారికీ ఒక మాట. చరణాలు వ్రాసుకొనే ముందు, పాడినవారి పేరు, ఊరు కాగితం పైభాగాన వ్రాసుకోండి. ఆ పాటను నేను దాచిన కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉన్నది. పైభాగాన ఖాళీ ఉన్నది.

సెలవు.