మోటారుఖానాలో ముగ్గురు నిజాములు

జాన్ జుబ్రిట్స్కీ రాసిన ‘ద లాస్ట్ నిజాం’ 2006లో వెలువడింది. రచయిత ఆస్ట్రేలియన్ పాత్రికేయుడు. ఆసఫ్ జాహీ వంశంలో ఎనిమిదవ నిజాంగా పట్టం కట్టుకున్న ముకర్రం జా జీవితాన్ని అన్వేషిస్తూ రాసిన పుస్తకం ఇది. ఒక సంస్థానం అస్తమించిన చరిత్రగా దీన్ని చదవవచ్చు. తరతరాల ఆస్తి తగాదాల చరిత్రగానూ చదవవచ్చు. రెండవసారి చదివినప్పుడు నా దృష్టి మాత్రం వేరే చోట నిలిచింది. ఆ రాజకుటుంబపు వజ్రాల గురించి, అంతఃపురాల గురించి విన్నదానికన్నా, వారి కార్ల గురించి తెలుసుకున్నది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. వజ్రాన్ని పెట్టెలో పెట్టి వందేళ్ళు మరచిపోయినా వజ్రంగానే ఉంటుంది. కారుకు ఆ సౌకర్యం లేదు. దాన్ని నడపాలి, బాగు చేయాలి, దానికోసం ఎవరో ఒకరు చేతులకు మసి అంటించుకోవాలి. కనుక ఖరీదైన కారు తన సొంతదారుని ఒక ప్రశ్న అడుగుతూనే ఉంటుంది: నీకు కావలసింది నేనా, నావల్ల వచ్చే గౌరవమా? ముగ్గురు నిజాములు ఈ ప్రశ్నకు మూడు రకాలుగా సమాధానం చెప్పారు.

ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ వైభవానికి పెట్టింది పేరు. ఫలక్‌నుమా ప్రాసాదంలో నివసించినవాడు. పురానీ హవేలీలో ఆయన దుస్తుల కోసమే కట్టిన పొడవాటి బట్టలగదిని ఇప్పటికీ చూడవచ్చు. 1911లో ఆయన కోసం రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు ఒకటి పురమాయించారు. అది చేతికి అందకముందే, ఆ ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశాడు. పసుపుపచ్చని ఆ బండి కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు దక్కింది.

ఆ కాలంలో రోల్స్ రాయిస్ కంపెనీ పూర్తి కారును అమ్మేది కాదు. ఇంజను, చక్రాలు, వాటిని మోసే చట్రం డార్బీ కర్మాగారం నుంచి వచ్చేవి. పై తొడుగు, ఆసనాలు, అలంకారం వేరే బండి తయారీదారుల పని. నిజాం కారుకు ఆ పని చేసినది లండన్‌లోని బార్కర్ సంస్థ. వారు వెనుక ఆసనాన్ని సింహాసనంలా ఎత్తుగా అమర్చారు. అందుకే అది ‘సింహాసనం కారు’గా ప్రసిద్ధికెక్కింది. ఇందులో ఒక విచిత్రం ఉంది. సిల్వర్ ఘోస్ట్ పేరు ప్రపంచానికి తెలిసింది దాని ఓర్పువల్ల. 1907లో జరిపిన పరీక్షలో ఆ నమూనా కారు మధ్యలో చెడిపోయి ఆగకుండా 14,371 మైళ్ళు తిరిగింది. అంత నమ్మకమైన యంత్రం మన హైదరాబాదు చేరి, దశాబ్దాల తరబడి ఊరేగింపులకు మాత్రమే గడప దాటి, బహు స్వల్ప దూరం తిరిగి, చివరికి చౌమహల్లా ప్రాసాదంలో ప్రదర్శన వస్తువైంది. పరుగెత్తడానికి పుట్టినదానిమీద కూర్చోవడానికి ఒక గద్దె వేశారు.

ఆ యంత్రాన్ని పుట్టించినవారి కథ దీనికి పూర్తిగా భిన్నం. హెన్రీ రాయిస్ ఒక మిల్లు నడిపేవాడి కొడుకు. పసితనంలోనే తండ్రిని పోగొట్టుకుని, పత్రికలు అమ్మి, టెలిగ్రాములు పంచి పొట్ట పోసుకున్నవాడు. కొనుక్కున్న ఫ్రెంచి కారు పనితనం నచ్చక, 1904లో తన సొంత కారును తానే తయారు చేసుకున్నాడు. చార్లెస్ రోల్స్ ఒక ప్రభువు కొడుకు, కేంబ్రిడ్జిలో ఇంజనీరింగ్ చదివినవాడు. ఈటన్ పాఠశాలలో ఉన్నప్పుడు ఎప్పుడు చూసినా ఇంజన్ల మసితో ఉంటాడని తోటి పిల్లలు ‘మురికి రోల్స్’ అని పేరు పెట్టారు. 1904 మే నెలలో మాంచెస్టరులోని ఒక హోటల్లో వీరిద్దరూ కలుసుకున్నారు. ఒకరి పేదరికానికీ మరొకరి సంపదకూ మధ్య వంతెన వేసినది యంత్రం మీద ఇద్దరికీ ఉన్న పిచ్చి. ఆ పిచ్చి ఫలమే తరవాత ప్రపంచంలోని సంస్థానాధీశులందరికీ హోదా చిహ్నమైంది.

ఈ సందర్భంలో మనవాళ్ళు తరచుగా పంచుకునే కథ ఒకటి చెప్పుకోవాలి. లండన్‌లో ఒక మహారాజు సాదా దుస్తులతో రోల్స్ రాయిస్ దుకాణానికి వెళ్ళాడట. అక్కడి ఉద్యోగి చులకన చేశాడట. రాజు కోపంతో అన్ని కార్లూ కొని, స్వదేశానికి తెచ్చి, చెత్త ఎత్తడానికి వాడించాడట. ఈ కథలో రాజు ఒకచోట అల్వర్‌వాడు, ఒకచోట భరత్‌పూర్‌వాడు, మరొకచోట మన నిజాం. పాత్ర మారుతుంది, ఊరు మారుతుంది, అవమానం మాత్రం మారదు. సాక్ష్యాధారాలు లేకపోయినా ఈ కథ చావదు, ఎందుకంటే పరాయి గడ్డమీద ఎప్పుడో ఒకప్పుడు చిన్నచూపుకు గురైన ప్రతివాడికీ ఇందులో ఊరట ఉంది. కానీ జాగ్రత్తగా చూస్తే ఈ కథ కూడా దర్పాన్ని ఓడించదు. చిన్నచూపుకు మందు ఇంకా ఎక్కువ కొనడమే అంటుంది. అమ్మేవాడి అహంకారాన్ని కొనేవాడి అహంకారంతో కొట్టిస్తుంది. ఆ మొత్తం కథలో ఒక్కరైనా ఆ కారును ఇష్టపడినవారు లేరు.

ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ సంగతి మరీ చిక్కు. 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ముఖచిత్రం మీద ఆయనను ప్రపంచంలోకెల్లా ధనవంతుడిగా చూపించారు. అదే మనిషి మాసిన టోపీతో, పాత షేర్వానీతో తిరిగేవాడు. అగ్గువ దొరికే చార్మినార్ సిగరెట్లు కాల్చేవాడు. ఆడంబరం లేదు గనుక దర్పం లేదనుకోవడానికి వీల్లేదు. ఆయనకు కూడబెట్టడమే హోదా. లాపియర్, కాలిన్స్ రాసిన ‘ఫ్రీడమ్ ఎట్ మిడ్‌నైట్’ పుస్తకంలో, కింగ్ కోఠీ తోటలో బంగారు కడ్డీల బరువుకు ఇరుసుల దాకా బురదలో దిగబడిన లారీల వర్ణన ఉంది. నాటకీయత అంటే మక్కువ ఉన్న రచయితలు కాబట్టి అందులో ఎంతో కొంత రంగు ఉండవచ్చు. కానీ ఆ చిత్రం ఆయన స్వభావానికి సరిపోతుంది: కదలవలసిన లారీలు కూడా ఇనప్పెట్టెలుగా మారిపోయాయి.

న్యాయంగా చెప్పాలంటే, ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలోనే మోటారు బండి హైదరాబాదు సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వేలకు అనుబంధంగా 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖ మొదలయింది. మనకు తెలిసిన ఆర్టీసీకి మూలం అదే. రాజుగారి మోటారుఖానాలోని కార్లన్నీ కలిపినా ఆ 27 బస్సులు మోసినంత జీవితాన్ని మోసి ఉండవు. వాటిని ఎవరూ హోదా కోసం ఎక్కలేదు. చెడిపోతే ఆ పూటే బాగుచేయక తప్పేది కాదు, ఎందుకంటే వాటికోసం ఊళ్ళో జనం ఎదురుచూస్తూ ఉండేవారు.

ఉస్మాన్ అలీ ఖాన్ 1967 ఫిబ్రవరిలో మరణించాడు. కొడుకును కాదని ఆయన మనవణ్ణి వారసుడిగా నిర్ణయించాడు. ముకర్రం జా 1933లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో పుట్టాడు. తల్లి దుర్రూ షెహ్వార్, చివరి ఒట్టొమన్ ఖలీఫా కుమార్తె. డూన్ స్కూలు, హారో, కేంబ్రిడ్జి, సాండ్‌హర్‌స్ట్‌లలో చదువు సాగింది. ముప్పై మూడేళ్ళ వయసులో ఆయన మీద పడిన భారాన్ని విలియం డాల్రింపుల్ 2007లో గార్డియన్ పత్రికకు రాసిన వ్యాసం లెక్కలతో చూపిస్తుంది. పరివారం, ఆధారపడినవారు కలిసి 14,718 మంది. మోటారుఖానాలో 60 కార్లు. వాటి పెట్రోలుకు, విడిభాగాలకు ఏడాదికి 45,000 పౌండ్ల ఖర్చు. వాటిలో నడిచే స్థితిలో ఉన్నవి నాలుగే. పట్టాభిషేకం ముగించుకున్న కొత్త నిజాంను తీసుకువెళ్ళవలసిన కారు ఆనాడే మొరాయించింది.

వైద్యవృత్తిలో ఉన్నవాణ్ణి కనుక ఆ లెక్క నాకు ఒక రోగి కాగితంలా కనిపించింది. కట్టు వేసి కదలనివ్వని కాలిలో కండ కొద్ది వారాల్లోనే తరిగిపోతుంది. కారుకు కూడా అంతే. నిలిచిన పెట్రోలు జిగురవుతుంది, రబ్బరు బిగుసుకుపోయి పగుళ్ళిస్తుంది, బ్యాటరీ చచ్చిపోతుంది, ఒకే చోట బరువు మోసిన టైరు చదునవుతుంది. నడిచినదానికన్నా నిలిచినదానికే కొన్ని జబ్బులు త్వరగా వస్తాయి. 56 కార్లు వాడకం లేక పడిపోయి ఉంటే, 60 కార్ల ఖర్చు మాత్రం ఏటేటా ఖాతాలో పడుతూ వచ్చింది. అమెరికన్ ఆర్థికవేత్త థోర్‌స్టైన్ వెబ్లెన్ 1899లోనే, పదిమందికి కనబడడం కోసం చేసే ఖర్చు గురించి ఒక సిద్ధాంతం రాశాడు. ఆ వృథాయే గొప్పతనానికి రుజువుగా చలామణీ అవుతుందని ఆయన వాదన. ఆయన చూడని మెట్టు ఒకటి కింగ్ కోఠీలో ఉంది: కనబడేవాడు కూడా లేకుండా, అలవాటుగా సాగిపోయిన వృథా.

ముకర్రం జాకు కావలసినది నిజంగా యంత్రమే. దర్బారు కన్నా మోటారుఖానాయే ఆయనకు ఇష్టం. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. పన్నులు, దావాలు, దాయాదుల అర్జీలు చుట్టుముట్టాయి. 1970ల మొదట్లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని మర్చిసన్ హౌస్ అనే గొర్రెల క్షేత్రాన్ని కొన్నాడు. దాని విస్తీర్ణం ఇంచుమించు 5 లక్షల ఎకరాలు. అక్కడ నీలిరంగు పనిబట్టలు తొడుక్కుని, బండ్ల కింద దూరి మరమ్మతు చేస్తూ, ఆ బీళ్ళలో బుల్డోజర్లు నడుపుతూ కాలం గడిపాడు. ఆ జనంలేని నేలమీద ఆయన్ను చూసి అబ్బురపడేవాడు లేడు. సలాము చేసేవాడు లేడు. మోజుకూ మమకారానికీ తేడా తెలుసుకోవడానికి నాకు తోచిన గీటురాయి ఇదే: చూసేవారు ఎవరూ లేనప్పుడు కూడా ఆ మనిషి ఆ పని చేస్తాడా? తాత ముత్తాతల కార్లలో ఏ ఒక్కటీ ఈ పరీక్షకు నిలవదు. మనవడి బుల్డోజరు నిలుస్తుంది.

ఇక్కడితో ఆపితే కథ అందంగా ఉంటుంది. కానీ జుబ్రిట్స్కీ పుస్తకం అంత సులువుగా వదలదు, అదే దాని గొప్పతనం. ఆయన అక్కడ ఇంజన్ల కింద పడుకుని ఉన్న సంవత్సరాల్లోనే ఇక్కడ ప్రాసాదాలు పాడుబడ్డాయి, విలువైన వస్తువులు మాయమయ్యాయి, నమ్మినవారిలో కొందరు దోచుకున్నారు. ఆ 14,718 మందిలో అధికులు రాజసాన్ని కోరినవారు కాదు. అంట్లు తోమినవారు, కాపలా కాసినవారు. యజమాని అభిరుచి స్వచ్ఛమైనదయినా వారి జీతం ఆగింది ఆగినట్టే. నిజమైన ఇష్టం మనిషిని దర్పం నుంచి విడిపిస్తుంది, బాధ్యత నుంచి విడిపించదు. అప్పుల ఒత్తిడితో ఆయన 1996లో ఆస్ట్రేలియా విడిచి టర్కీ చేరాడు, చిన్న ఫ్లాటులో శేషజీవితం గడిపాడు. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో మరణించాడు. మక్కా మసీదులో తన పూర్వీకుల సరసన ఖననమయ్యాడు. పాడుబడిన చౌమహల్లాను నిలబెట్టినది, ఎన్నడో విడాకులు పొందిన మొదటి భార్య ఎస్రా. ఆ పునరుద్ధరణకు 2010లో యునెస్కో పురస్కారం లభించింది. పాతదాన్ని బాగుచేయడంలో ఆమె చూపిన ఓపిక కూడా ఒక మెకానిక్కు ఓపిక వంటిదే.

నేను పనిచేస్తున్న ఒమాన్‌లో ఈ పుస్తకాన్ని చదవడం వల్ల మరొక కోణం కనిపించింది. 1970కి ముందు ఈ దేశం మొత్తంలో పక్కా రోడ్డు సుమారు 10 కిలోమీటర్లే. 1955 డిసెంబరులో సుల్తాన్ సయీద్ బిన్ తైమూర్ సలాలా నుంచి ఎడారిని దాటి దేశపు లోపలి భాగానికి మోటారు బండ్ల వరుసతో వచ్చినప్పుడు, వెంట ప్రయాణించిన టైమ్స్ విలేఖరి జేమ్స్ మారిస్ దాన్ని ‘సుల్తాన్ ఇన్ ఒమాన్’ అనే పుస్తకంగా రాశాడు. అప్పుడు మోటారు బండి అంటే ఏలిక వచ్చాడని అర్థం. ఇప్పుడు మస్కట్ నుంచి నిజ్వా వెళ్ళే రహదారి మా సమాయిల్ లోయ గుండానే సాగుతుంది. దాని మీద అన్ని రకాల ఖరీదైన కార్లూ పరుగెడతాయి. వాటి పొట్ట విప్పి లోపల ఏముందో తెలిసినవారు చాలావరకు మన ఉపఖండం నుంచి వచ్చిన పనివారు. గల్ఫ్‌లో ఎక్కడి షెడ్డుకు వెళ్ళినా తెలుగు మాట వినబడడం అరుదు కాదు. శబ్దం విని రోగం చెప్పగలిగే ఆ చేతులకు ఆ కార్లు ఎన్నటికీ సొంతం కావు. రాజుల జీవితచరిత్రల్లో సాధారణంగా ఇటువంటివారికి చోటుండదు. నిజాం మోటారుఖానాలో ఆ నాలుగు కార్లను నడిచేలా ఉంచినవారెవరో మనకు పేరు పేరునా తెలిస్తే, ఈ చరిత్ర మరొకలా ఉండేది.

చౌమహల్లా చూడడానికి వెళ్ళే మిత్రులకు ఒక సూచన. పసుపుపచ్చ సింహాసనం కారును చూసిన తరవాత, అక్కడినుంచి కొద్ది దూరంలో జంతుప్రదర్శనశాల దగ్గర, బహదూర్‌పురాలో ఉన్న సుధా కార్ల మ్యూజియంకు కూడా వెళ్ళండి. కె. సుధాకర్ బడి వయసు నుంచే తుక్కు సామాను పోగుచేసి తయారుచేసిన బండ్లు అవి. వంకాయ, క్రికెట్ బ్యాటు, ఆడవారి చెప్పు, చేతిసంచి ఆకారాల్లో ఉంటాయి. 2005లో ఆయన తయారుచేసిన మూడు చక్రాల సైకిలు ప్రపంచంలోకెల్లా పెద్దదిగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. మ్యూజియం 2010లో తెరుచుకుంది. అందులో ప్రదర్శన లేదని అనలేం. వంకాయ కారును నలుగురూ చూడాలనే కదా చేస్తారు! పదిమంది చూడాలనుకోవడం తప్పు కాదు. కాకపోతే ఆ వంకాయ నడుస్తుంది. అది ఎలా నడుస్తుందో దాని సొంతదారుకు మర మరా తెలుసు.

‘ద లాస్ట్ నిజాం’ను కార్ల కోసం ఎవరూ చదవరు. అయినా ఈసారి చదివేటప్పుడు పట్టాభిషేకం నాడు మొరాయించిన ఆ కారు దగ్గర కాసేపు ఆగి చూడండి. రెండు తరాలు కొన్నవారూ, కూడబెట్టినవారూ చేసిన బాకీ, రెంచి పట్టడం ఇష్టమైన ఒకే ఒక్క వారసుడి ముందుకు ఆనాడు వచ్చి నిలిచింది.