హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు: శ్వాసను చూడాలా, నాడిని చూడాలా?

కమిషన్ అనగానే మనకు హంటర్, సైమన్ గుర్తొస్తాయి. బార్డోలీ సత్యాగ్రహం బాగా చదివినవాళ్లు శిస్తు పెంపుపై విచారణ జరిపిన బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ పేర్లు కూడా చెబుతారు. కానీ మన హైదరాబాద్‌లోనే జరిగిన రెండు కమిషన్ల గురించి చాలామంది చదవరు. ఆపరేషన్ బల్ల మీద మత్తులో ఉన్న రోగి హఠాత్తుగా ఎందుకు చనిపోతున్నాడు? ఇదే వాటి ముందున్న ప్రశ్న. తెలంగాణ చరిత్ర, సైన్స్ అండ్ టెక్నాలజీ, ఎథిక్స్ మూడింటికీ పనికొచ్చే అంశం కాబట్టి కొంచెం వివరంగా చూద్దాం.

నేపథ్యం

1846లో అమెరికాలోని బోస్టన్‌లో మోర్టన్ ఈథర్‌తో మత్తు ఇచ్చి చూపాడు. 1847లో ఎడిన్‌బరోలో సింప్సన్ క్లోరోఫామ్‌ను వాడకంలోకి తెచ్చాడు. గుడ్డ మీద కొన్ని చుక్కలు వేసి ముక్కు దగ్గర పెడితే చాలు, రోగి మత్తులోకి వెళ్లేవాడు. 1853లో విక్టోరియా రాణి ప్రసవ సమయంలో జాన్ స్నో దీన్నే ఇచ్చాడు. కలరాకు, తాగునీటికి ఉన్న సంబంధాన్ని బయటపెట్టిన స్నో ఈయనే.

అయితే 1848 జనవరిలోనే హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయి కాలిగోరు తీయించుకోవడానికి వచ్చి, క్లోరోఫామ్ పీల్చిన కొద్ది నిమిషాల్లోనే చనిపోయింది. ఆ తర్వాత కూడా ఇలాంటి మరణాలు ఆగలేదు. వైద్యులు రెండు వర్గాలయ్యారు. క్లోరోఫామ్ నేరుగా గుండెను ఆపేస్తుంది కాబట్టి నాడి పట్టుకుని చూడాలని లండన్ వైద్యులు అన్నారు. ముందు ఆగేది శ్వాస, దాన్ని కనిపెట్టుకుని ఉంటే ప్రమాదం లేదని ఎడిన్‌బరోలో సైమ్ శిష్యులు అన్నారు. మత్తు ఇచ్చే మనిషి కళ్లు ఎక్కడ ఉండాలన్న దాని మీద రోగి ప్రాణం ఆధారపడింది.

హైదరాబాద్‌లో ఏం జరిగింది?

సైమ్ శిష్యుల్లో ఒకరైన ఎడ్వర్డ్ లారీ 1885లో హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు. హైదరాబాద్ మెడికల్ స్కూల్ బాధ్యతలు కూడా ఆయనవే. తన గురువు చెప్పిందే నిజమని ప్రయోగాలతో తేల్చాలనుకున్నాడు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం ఖర్చు భరించింది.

1888లో మొదటి కమిషన్ 141 కుక్కల మీద ప్రయోగాలు చేసింది. ప్రతిసారీ శ్వాస ముందు ఆగింది, గుండె ఆ తర్వాతే ఆగిందని తేల్చింది. లండన్ వైద్య పత్రిక లాన్సెట్ దీన్ని ఒప్పుకోలేదు. అప్పుడు నిజాం 1000 పౌండ్లు ఇస్తాను, మీ ప్రతినిధినే పంపండి అన్నాడు. లాన్సెట్ తరఫున ప్రముఖ ఔషధ శాస్త్రవేత్త లాడర్ బ్రంటన్ 1889లో హైదరాబాద్ వచ్చాడు. లారీ, బ్రంటన్, బామ్‌ఫర్డ్‌లతో పాటు డాక్టర్ రుస్తుంజీ హకీం కూడా రెండో కమిషన్ సభ్యుడు. ఈసారి కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి సుమారు 600 జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. కొన్నింటిలో రక్తపోటు రేఖలను పరికరంతో నమోదు చేశారు.

క్లోరోఫామ్ గుండెకు హాని చేస్తుందని అనుకుంటూ వచ్చిన బ్రంటన్ ఇక్కడ తన అభిప్రాయం మార్చుకున్నాడు. ప్రమాదం ఊపిరాడకపోవడం వల్ల, మోతాదు మించడం వల్లే తప్ప గుండె మీద నేరుగా ఏమీ లేదని లండన్‌కు తంతి కొట్టాడు.

ఇదే కాలంలో హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లో చదివిన రూపాబాయి ఫర్దూంజీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు. 1909లో ఆమె పైచదువుకు ఎడిన్‌బరో వెళ్లారు.

తీర్పు సరైనదేనా?

సగం సరైనది. శ్వాసను క్షణం కూడా వదలకుండా గమనించాలన్న సూత్రం ఈ రోజుకీ నిలబడింది. కానీ గుండెకు నేరుగా ప్రమాదమే లేదన్న మాట నిలబడలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో అసలు విషయం తేలింది. క్లోరోఫామ్ తక్కువ మోతాదులో ఉన్నప్పుడు శరీరంలో అడ్రినలిన్ పెరిగితే గుండె లయ తప్పి ఒక్కసారిగా ఆగిపోతుంది. భయంతో వణుకుతూ వచ్చిన రోగికి మత్తు ఇవ్వడం మొదలుపెట్టగానే జరిగేది ఇదే. హన్నా లాంటివాళ్ల మరణానికి ఇది సరిపోయే వివరణ.

మరి 600 జంతువుల్లో ఇది ఎందుకు తేలలేదు? ఎక్కువ ప్రయోగాల్లో మోతాదు పెంచుతూ పోయి, ఏది ముందు ఆగుతుందో చూశారు. అలా చూస్తే శ్వాసే ముందు ఆగుతుంది. సంఖ్య పెద్దదే, కానీ అడిగిన ప్రశ్న ఇరుకైనది. పైగా జవాబు ముందే నమ్మినవాడే కమిషన్ అధ్యక్షుడు.

నేటికి అన్వయం

ఇప్పుడు ఆపరేషన్ థియేటర్‌లో ఆక్సిజన్ స్థాయి, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్, ఈసీజీ అన్నీ ఒకే తెరపై కనిపిస్తాయి. శ్వాసా, గుండా అన్న తగవు అలా ముగిసింది. పరిశోధనకూ కట్టుబాట్లు వచ్చాయి. జంతు ప్రయోగాలపై 1960 జంతుహింస నివారణ చట్టం కింద ఏర్పడిన కమిటీ పర్యవేక్షణ ఉంది. మనుషులపై ఔషధ పరీక్షలకు 2019 నిబంధనల ప్రకారం ఎథిక్స్ కమిటీ ఆమోదం, రోగి సమ్మతి తప్పనిసరి.

రేపు అధికారిగా మీ బల్ల మీదకూ ఇలాంటి నివేదికలు వస్తాయి. "మా పరిశీలనలో కనబడలేదు" అన్న మాటకు, "అసలు లేదు" అన్న మాటకు మధ్య ఉన్న తేడాను గుర్తించండి. ఆ తేడాను పట్టించుకోనందుకు మూల్యం చెల్లించింది నివేదిక రాసినవాళ్లు కాదు, బల్ల మీద పడుకున్న రోగులు.

ప్రిలిమ్స్ కోసం
• మొదటి కమిషన్: 1888, రెండోది: 1889
• నాటి నిజాం: మీర్ మహబూబ్ అలీ ఖాన్ (1869–1911)
• సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ మలేరియా పరిశోధన: 1897 (కలిపి గుర్తుంచుకోండి, తికమక పడొద్దు)

సాధన ప్రశ్న: హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ల ప్రాధాన్యాన్ని, పరిమితులను విశ్లేషించండి. (150 పదాలు)