చేయందించినవారు: ఫిలడెల్ఫియా సెయింట్ థామస్ చర్చి తొలినాటి చరిత్ర

ఆంగ్లంలో 'ఔట్‌రీచ్' అనే మాట ఒకటుంది. క్రైస్తవ సంఘాల చరిత్రలు చదివేవారికి అది తరచుగా ఎదురవుతుంది. ప్రార్థనా మందిరం తన గోడలు దాటి ఇరుగుపొరుగువారి కష్టసుఖాలు విచారించడమని దాని తాత్పర్యం. దీనిని తెలుగు చేయబోయేసరికి ఒక చిక్కు వస్తుంది. 'చేయి చాచడం' అంటే మనకు యాచించడం. 'చేయందించడం' అంటే ఆదుకోవడం. మొదటిది లేనివాడి పని అనీ, రెండవది ఉన్నవాడి పని అనీ లోకం అనుకుంటుంది. అమెరికాలో 18వ శతాబ్దం చివర, చేయి చాచవలసినవారిగా ఎంచబడిన కొందరు ఒక మహానగరానికే చేయందించారు. వారి సంఘ చరిత్రను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

'ఎపిస్కోపల్' అనే పేరు 'ఎపిస్కోపోస్' అనే గ్రీకు పదం నుండి వచ్చింది. పైవిచారణ చేసేవాడు అని దాని అర్థం. బిషప్పు అనే మాటకు కూడా ఇదే మూలం. బిషప్పుల పాలనలో నడిచే ఇంగ్లండు దేశపు చర్చి, అమెరికా స్వతంత్రమైన పిదప అక్కడ వేరు పడి, 1789లో ఎపిస్కోపల్ చర్చిగా స్థిరపడింది. ఫిలడెల్ఫియా నగరంలో దానికి విలియం వైట్ బిషప్పు. ఆ చర్చిలో సంపన్నులకూ పలుకుబడి గలవారికీ కొదువ లేదు. అటువంటి వ్యవస్థలోకి బానిసత్వం నుండి బయటపడిన జనం ఎలా ప్రవేశించారో తెలియాలంటే, ముందుగా అబ్సలోం జోన్స్ జీవితం తెలుసుకోవాలి.

జోన్స్ 1746లో డెలావేర్ ప్రాంతంలో బానిసగా పుట్టాడు. చేతికందిన చిల్లర కాసులు దాచి అక్షరాల పుస్తకం కొనుక్కొని చదువు నేర్చాడు. ఆయనకు పదహారేళ్ళ వయసులో యజమాని అతని తల్లిని, తోబుట్టువులను అమ్మివేసి, ఇతన్ని మాత్రం ఫిలడెల్ఫియాకు తీసుకుపోయి అంగడి పనిలో పెట్టాడు. అక్కడ క్వేకర్లు నడిపే రాత్రి పాఠశాలలో కొంత చదివాడు. 1770లో మేరీ అనే బానిస యువతిని వివాహమాడాడు. తరువాత చందాలు పోగుచేసి, అప్పులు తెచ్చి, మొదట భార్య స్వేచ్ఛను కొన్నాడు. కారణం స్పష్టమే. తల్లి బానిస అయితే బిడ్డలూ బానిసలే అని నాటి చట్టం. తన విముక్తి కొరకు ఆయన 1784 దాకా వేచి ఉండవలసి వచ్చింది.

1787 ఏప్రిల్‌లో జోన్స్, ఆయన మిత్రుడు రిచర్డ్ ఆలెన్ కలిసి 'ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ' స్థాపించారు. సభ్యుడు నెలకొక షిల్లింగు చెల్లించాలి. ఏడాదిపాటు చెల్లించినవారు కష్టంలో పడితే వారానికి 3 షిల్లింగుల 9 పెన్సులు ఇవ్వబడేవి. వితంతువులకూ అనాథలకూ ఆదరువు కల్పించడం సంఘం బాధ్యత. మొత్తం చిన్నదే. కాని ఎవరి దయాధర్మం పైనా ఆధారపడకుండా ఆ సమాజం తన నిధిని తానే కూడబెట్టుకున్నదనే విషయం గమనార్హం.

ఆ కాలంలో వీరిలో అనేకులు సెయింట్ జార్జి మెథడిస్టు చర్చికి వెళ్ళేవారు. ఒక ఆదివారం, మోకాళ్ళపై ప్రార్థనలో ఉన్న జోన్స్‌ను, ఆ చోటు నల్లవారిది కాదంటూ చర్చి ధర్మకర్త ఒకడు పట్టి లేపబోయాడు. ప్రార్థన ముగిసేదాకా ఆగమని జోన్స్ కోరినా అతడు వినలేదు. ప్రార్థన ముగియగానే నల్లజాతివారందరూ ఒక్కుమ్మడిగా బయటికి నడిచారు. ఇది 1787లో జరిగినట్లు చాలాకాలం చెప్పుకున్నారు. ఆ చర్చి మిద్దె నిర్మాణపు లెక్కలను బట్టి 1792 ప్రాంతంలో జరిగి ఉంటుందని తరువాతి పరిశోధకులు తేల్చారు. ఏది ఏమైనా, తమ తల వంచడానికి తమదైన నేల ఉండాలనే సంకల్పం ఆ సమాజంలో బలపడింది.

కొత్త మందిరానికి వైద్యుడు బెంజమిన్ రష్ వంటి తెల్లజాతి ప్రముఖులు చందాలు సేకరించారు. 1793 ఆగస్టులో పైకప్పు లేచిన సందర్భంగా విందు జరిగింది. మొదట తెల్లవారు, ముఖ్యంగా వడ్రంగులు, బల్ల వద్ద కూర్చుంటే నల్లవారు వడ్డించారు. పిదప నల్లవారు అదే బల్ల వద్ద కూర్చోగా తెల్లవారు వడ్డించారు. నాటి అమెరికాలో ఇది అపురూపమైన దృశ్యం. అయితే సరిగ్గా ఆ రోజుల్లోనే నగరపు రేవు వీధుల్లో పచ్చజ్వరం పాకుతున్నది.

ఆ వ్యాధి దోమ ద్వారా వ్యాపిస్తుందని 1900లో గాని రుజువు కాలేదు. 1793లో అది గాలిలోని దోషమని కొందరు, ఓడల వెంట వచ్చిన అంటు అని కొందరు వాదించేవారు. కలిగినవారు వేలాదిగా ఊరు విడిచిపోయారు. నల్లజాతివారికి ఈ జ్వరం సోకదని పాత వైద్య గ్రంథాల ఆధారంగా నమ్మిన రష్, రోగులకు పరిచర్య చేయమని వారిని కోరాడు. జోన్స్, ఆలెన్ తమవారితో ఆలోచించి అంగీకరించారు. వారు తొలుత అడుగుపెట్టిన ఇంట్లో భార్య చనిపోయి ఉంది, భర్త కొనఊపిరితో ఉన్నాడు, దిక్కులేని ఇద్దరు పసిపిల్లలు మాత్రమే తిరుగుతున్నారు. ఆ ఒక్కనాడే ఇరవైకి పైగా కుటుంబాలను చూశారు. అటుపైన శవాలను మోయడం, పూడ్చడం, అనాథలను చేర్చవలసిన చోట చేర్చడం వారి దినచర్య అయింది. రష్ నేర్పిన ప్రకారం 800 మందికి పైగా రోగులకు నెత్తురు తీశారు. ఆ చికిత్స మేలు కన్న కీడే చేస్తుందని నేటి వైద్యం చెబుతున్నది. నాడు అది పెద్ద వైద్యుని ఆదేశం.

సోకదన్న నమ్మకం త్వరలోనే భగ్నమైంది. నగరంలో 1792లో 67 మంది నల్లవారు ఖననం కాగా, 1793లో ఆ సంఖ్య 305కు పెరిగింది. మొత్తం మీద ఇంచుమించు 50,000 జనాభాలో 4,000 నుండి 5,000 మంది మరణించారు. తమకూ చావు తప్పదని తెలిసిన తర్వాత కూడా వారు పని మానలేదు. సారా బాస్ అనే పేద వితంతువు ఎన్నో ఇళ్ళలో సేవ చేసి, ఎవరినీ కూలి అడగలేదు.

జ్వరం తగ్గుముఖం పట్టగానే మాథ్యూ కేరీ అనే ప్రచురణకర్త ఆ ఉపద్రవంపై ఒక పుస్తకం అచ్చువేశాడు. నల్లజాతి పరిచారకులలో కొందరు రోగులను పీడించి డబ్బు గుంజారనీ, ఇళ్ళు దోచారనీ అందులో రాశాడు. జోన్స్, ఆలెన్‌లను మాత్రం పేరుపెట్టి మెచ్చుకున్నాడు. తమవారి పరువు పోగొట్టి తమకు ఇచ్చిన మెప్పును ఆ ఇద్దరూ స్వీకరించలేదు. 1794లో తామే ఒక చిన్న పుస్తకం ప్రకటించి సమాధానమిచ్చారు. కూలి పెరగడానికి కారణం, ఒక కుటుంబం ఇవ్వజూపినదానికి మించి మరొక కుటుంబం ఇవ్వజూపి పరిచారకులను తీసుకుపోవడమేనని వివరించారు. తమ జమాఖర్చులు కూడా బయటపెట్టారు. వచ్చినది 233 పౌన్ల 10 షిల్లింగుల 4 పెన్సులు. శవపేటికలకూ, కుదుర్చుకున్న ఐదుగురు మనుషుల కూలికీ అయినది 411 పౌన్లు. నష్టం 177 పౌన్ల 9 షిల్లింగుల 8 పెన్సులు. నగర మేయరు ఇచ్చిన యోగ్యతా పత్రాన్ని కూడా జతపరిచారు. సేవ చేసినవాడే తన నిజాయితీకి లెక్క చూపించుకోవలసి రావడం ఈ చరిత్రలో మిక్కిలి బాధ కలిగించే ఘట్టం.

1794 జూలై 17న సెయింట్ థామస్ మందిరం ప్రారంభమైంది. అప్పటికి ఆలెన్ మెథడిస్టు మార్గంలోనే నిలిచి వేరొక చర్చి కట్టుకున్నాడు. సెయింట్ థామస్ సంఘం అధికసంఖ్యాకుల నిర్ణయం మేరకు ఎపిస్కోపల్ చర్చిలో చేరడానికి మూడు షరతులు పెట్టింది: తమను వ్యవస్థీకృత సంఘంగానే స్వీకరించాలి, తమ స్థానిక వ్యవహారాలు తమ చేతిలోనే ఉండాలి, అర్హత కలిగితే జోన్స్‌కు గురుత్వం ఇవ్వాలి. బిషప్పు వైట్ సమ్మతించాడు. కాని గురుత్వానికి గ్రీకు, లాటిన్ భాషలు రావాలనేది నియమం. 1795లో చర్చి మహాసభ ఆ నియమం నుండి జోన్స్‌కు మినహాయింపు ఇస్తూ, బదులుగా ఈ సంఘం మహాసభకు ప్రతినిధులను పంపరాదని కట్టడి చేసింది. రెండు భాషల మినహాయింపుకు ఒక సమాజం నోరు వెలగా తీసుకోబడింది. ఆ కట్టడి అంతర్యుద్ధ కాలం వరకు, అనగా దాదాపు 70 సంవత్సరాలు కొనసాగింది. జోన్స్ 1795లో డీకన్ అయ్యాడు. 19వ శతాబ్దపు తొలి ఏండ్లలో పూర్తి గురువుగా అభిషిక్తుడై, ఎపిస్కోపల్ చర్చిలో ఆ పదవి పొందిన మొదటి నల్లజాతీయుడయ్యాడు.

మహాసభలో మాట లేకపోయినా, సంఘం తన పని తాను చేసుకుపోయింది. స్త్రీలకూ పురుషులకూ పరస్పర సహాయ సంఘాలు ఏర్పడ్డాయి. 1804లో పిల్లల కొరకు పాఠశాల తెరవబడింది. 1799 డిసెంబరులో జోన్స్, మరి దాదాపు 70 మంది సంతకాలతో బానిస వ్యాపారానికీ, పారిపోయిన బానిసల చట్టానికీ వ్యతిరేకంగా దేశ ప్రతినిధుల సభకు విజ్ఞప్తి పంపారు. సభ 85 ఓట్లకు 1 ఓటు తేడాతో దానిని తోసిపుచ్చింది. 1808 జనవరి 1న బానిసల దిగుమతిపై నిషేధం అమలులోకి వచ్చిన రోజున, జోన్స్ తన మందిరంలో కృతజ్ఞతా ప్రసంగం చేశాడు. 1818 ఫిబ్రవరి 13న ఆయన కన్నుమూశాడు. ఎపిస్కోపల్ చర్చి ఇప్పుడు తన పంచాంగంలో ఆ తేదీని ఆయన స్మారక దినంగా పాటిస్తున్నది. సెయింట్ థామస్ సంఘం నేటికీ ఫిలడెల్ఫియాలో ఉంది.

ఏ మత సంస్థ అయినా తన సేవా కార్యక్రమాల పట్టిక చూపినప్పుడు ఎంతమందికి అన్నం పెట్టారు, ఎన్ని బడులు తెరిచారు అని అడుగుతాం. అది అడగవలసిన ప్రశ్నే. దానితోపాటు, సేవ చేసినవారికి ఆ సంస్థ నిర్ణయాలలో ఏపాటి భాగం ఉన్నదని కూడా అడగాలి. ఫిలడెల్ఫియా నగరం ఆ సమాజపు చేతులను ఆపదలో పట్టుకుంది. చర్చి వారిని లోపలికి రానిచ్చి, ఆసనం చూపి, మాట మాత్రం ఇవ్వలేదు. బయటివారికి చేయి అందించడం సులభం. ఆ చేయి పట్టుకొని లోపలికి వచ్చినవారిని పక్కన కూర్చోబెట్టుకొని వారి మాట వినడం కష్టం. మత సంఘాల చరిత్ర రాసేవారు ఈ రెండవదానికి కూడా లెక్క కట్టాలి.